శనివారం చేతులు

నా పట్ల ఒకాయన కృతజ్ఞతగా ఉండేవారు. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈ అమ్మాయి నాకు చేసిన మేలు సొంత పిల్లలు కూడా చేయరని చెప్పేవారు. పోయేదాకా అదే మాట మీద ఉన్నారు. నేను చేసింది మేలు కాదు. ఒక్క ముక్క అబద్ధం చెప్పాను. ఆయన మొహంలోకి చూస్తూ, ఆయన ఇంట్లో అన్నం తింటూ చెప్పాను. ఆ అబద్ధంతో ఆయన తనకు ప్రాణమైన పని మానేశారు. మానేసి నాకు థాంక్స్ చెప్పారు. ఆ థాంక్స్‌ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

ఇది ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో నన్ను నేనే వెనకేసుకొస్తే పట్టించుకోకండి. ఆ అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. తెనాలి పిల్లని. సైన్స్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని, అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. నువ్వు ఈ పనికే పుట్టావని మా టీమ్ లీడ్ అనేవాడు. అది పొగడ్తో దెప్పిపొడుపో నేను అడగలేదు. బెడోక్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు రైఫిల్ పేల్చేదాన్ని, బాగానే పేల్చేదాన్ని. ఇక్కడ షూటింగ్ క్లబ్ ఉందని తెలిసి చేరాను. ఈ దేశంలో తుపాకీ ఇంటికి తీసుకెళ్ళే మాటే లేదు. అన్నీ క్లబ్బులోనే, తాళాలేసిన గదిలో ఉంటాయి. వాటికి రిపేరు చేయాలన్నా అక్కడే, లైసెన్సు ఉన్న మనిషే చేయాలి. ఆ లైసెన్సు ఉన్న మనిషి సింహాచలం అంకుల్.

మొదటి రోజు గురిచూడ్డానికి నేను రైఫిల్ పట్టుకుని బోర్లా పడుకున్న తీరు చూసి, వెనక నుంచి తెలుగులో, "ఏటమ్మా, మంచమనుకున్నావా?" అన్నారు. అదిరిపడ్డాను. ఆయన తాతలు సిక్కోలు వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాళ్ళట. ఆయన పుట్టింది, పెరిగింది ఇక్కడే. షిప్‌యార్డ్ వర్క్‌షాప్‌లో ఇనుము తరిగే లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో అరవం ఉండేది, మలయ్ ఉండేది, మా అమ్మమ్మ కూడా మర్చిపోయిన పాత మాటలు ఉండేవి. వినయం మాత్రం మచ్చుకైనా ఉండేది కాదు. ఒక స్క్రూ బిగించినా, ఈ దీవిలో ఇంకొకడెవడైనా ఇలా బిగించగలడా అని చుట్టూ చూసేవారు. ఎవరైనా అవును అనేదాకా వదిలేవారు కాదు.

ఆయన నాకు నేర్పారు. మొట్టికాయలు వేయలేదన్న మాటేగానీ, అంతకంటే ఎక్కువ తిట్లు తిన్నాను. ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో, ఎప్పుడు వదిలెయ్యాలో, గురి కుదరనప్పుడు రైఫిల్ దించి మళ్ళీ మొదలుపెట్టడం నామోషీ కాదని ఆయనే చెప్పారు. గదిలో ఒక్కదాన్నే నూడుల్స్ తిని బతుకుతున్నానని తెలిసి ఆదివారాలు ఇంటికి రమ్మన్నారు. ఆయన ఫ్లాట్ కూడా బెడోక్‌లోనే, నడిచి వెళ్ళేంత దూరం కాబట్టి మిగతా రోజుల్లో సాయంత్రాలు కూడా వెళ్తూ ఉండేదాన్ని. ఆంటీ చేపల పులుసు వండేది. చేప ముక్క నా కంచంలో వేసే ముందు అంకుల్ తన వేళ్ళతో ముళ్ళన్నీ తీసేవారు. వెంట్రుకంత సన్నటి ముల్లు కూడా తప్పించుకునేది కాదు. నాకు తీసుకోవడం వచ్చు అంకుల్ అంటే వినేవారు కాదు. ఈ దేశంలో నాకు దొరికిన మొదటి ఇల్లు అదే. ఆ ఇంటి రుణం గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇప్పుడు శనివారం సంగతి చెప్పాలి. క్లబ్బులో అందరం కలిసేది శనివారం మధ్యాహ్నం. ఒకసారి కర్రీ పఫ్ తెచ్చి పెట్టబోతే అంకుల్ వద్దన్నారు. కాఫీ కూడా వద్దన్నారు. బతిమాలితే, పక్కకి పిలిచి చెప్పారు. ఆంటీకి పెద్ద ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకున్నారట, బతికితే ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటానని. పొద్దుట్నుంచీ ఏమీ ముట్టరు. సాయంత్రం ఇంటికెళ్ళి దీపం పెట్టాకే తింటారు. మొక్కు చాటుకోకూడదు, ఎవరికీ చెప్పకు అన్నారు. సరేనన్నాను. క్లబ్బులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాటేసరికి ఆయన వేళ్ళు కొంచెం వణకడం నేను గమనించాను. మన ఇళ్ళల్లో ఒక్కపొద్దు ఉన్న పెద్దవాళ్ళని చూసినదాన్నే కదా, ఎందుకో నాకు వెంటనే తెలిసింది. మర్నాడు అవే వేళ్ళు చేప ముళ్ళు తీసేవి.

సూ లిన్ నా స్నేహితురాలు. ప్రైమరీ స్కూల్లో టీచర్. క్లబ్బులో నాకంటే ముందు చేరింది, నాకంటే బాగా పేల్చేది. ఈ మాట ఇప్పుడు సులువుగా అంటున్నాను. అప్పట్లో గొంతు మీద కత్తి పెట్టినా అనేదాన్ని కాదు. నాకు షూటింగ్ జాకెట్ కొనుక్కునే స్తోమత లేనప్పుడు తన పాత జాకెట్ ఇచ్చింది. ఇచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు కూడా. పక్కదేశంలో జరగబోయే పోటీకి ఆ ఏడాది మా క్లబ్బు ఆడవాళ్ళ జట్టుని పంపుతోంది. చివరి చోటు తనకో నాకో రావాలి. సెలక్షన్ దగ్గరపడుతోంది.

తన రైఫిల్ బ్యారెల్ అరిగిపోయింది. గురి సరిగ్గా ఉన్నా తూటాలు చెదిరిపోతున్నాయి. ప్రత్యేకంగా చెప్పి విదేశం నుంచి కొత్త బ్యారెల్ తెప్పించుకుంది. ఎంతో కాలం ఎదురుచూసింది. వచ్చింది కానీ, వచ్చింది లోపల గాడులు చెక్కిన ఒట్టి ఉక్కు గొట్టమే. దాన్ని కొలతకి కోయాలి, ఒక కొసని రైఫిల్‌కి బిగిసేలా లేత్ మీద తరగాలి, తూటా కూర్చునే చోటుని లోపల తొలవాలి, రెండో కొస అంచుని తీర్చాలి. తొలిచేటప్పుడు చెయ్యే కొలత. ఒక్క ఇసుమంత ఎక్కువ పోయినా ఆ గొట్టం మళ్ళీ పనికిరాదు. ఈ పని అంకుల్ చేస్తే సెలక్షన్‌కి ముందే అయిపోతుంది. తయారుచేసిన వాళ్ళకే రైఫిల్‌తో సహా తిప్పి పంపితే, అనుమతులు, రాకపోకలు అన్నీ కలిపి సెలక్షన్ దాటిపోతుంది. ఎవరితో చేయించాలన్నది సూ లిన్ తేల్చుకోవాలి.

అంకుల్‌తోనే అనుకుంది మొదట. తర్వాత ఒక శనివారం, ఆయన కొలిచే పరికరం పట్టుకున్నప్పుడు వేళ్ళు వణకడం చూసింది. తను ఆయన్ని చూసేది శనివారాలే. నా దగ్గరికి వచ్చింది. తిండి దుకాణాలు వరసగా ఉండే హాకర్ సెంటర్‌లో ఎదురుగా కూర్చుని, నువ్వు ఆయన ఇంటికి వెళ్తుంటావు, నీకే బాగా తెలుసు, అంకుల్ చెయ్యి ఓకేనా కాదా అని అడిగింది. మనస్ఫూర్తిగా అడిగింది. నేను ఏం చెబితే అది చేద్దామనే వచ్చింది.

శనివారాలు ఆయన ఏమీ తినరు, అంతే అంటే సరిపోయేది. కానీ ఎవరికీ చెప్పకని మాట తీసుకున్నారు కదా. చూశారా, ఎంత చక్కగా అమరిందో! మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మొక్కు సంగతి ఎత్తకుండానే, ఆయన చేతులు భేషుగ్గా ఉన్నాయి, పూచీ నాది అనొచ్చుగా? ఆ మాట నాలుక దాకా వచ్చింది. అనలేదు. కొంచెం సేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, నీ బ్యారెల్, నీ ఇష్టం, నేనైతే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను అన్నాను. సూ లిన్ తలూపింది. పాపం ఆయన్ని బాధపెట్టాలని లేదంది. బాధగానే ఉంది తనకి, మొహంలో కనిపించింది. నాకు మాత్రం ఆ క్షణంలో జట్టు లిస్టులో నా పేరు కనిపించింది.

అక్కడితో ఆగినా ఇంత రాసేదాన్ని కాదేమో. నేను అన్నది అబద్ధం కాదు, సలహా, అని ఇప్పటికీ వాదించుకునేదాన్ని. సూ లిన్ చాటుమాటు మనిషి కాదు. వేరేచోటికి పంపుతూ ఆయనకి చెప్పకపోవడం మర్యాద కాదనుకుని, తనే వెళ్ళి ఆయనకి మెల్లిగా చెప్పింది. ఆ తర్వాతి రోజు ఆదివారం. మామూలుగానే భోజనానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? మానేస్తే అనుమానం వస్తుందనా, ఆకలనా, ఆయన ఎలా ఉన్నారో చూద్దామనా? మూడూ కావచ్చు. ఆంటీ పులుసు వడ్డించి లోపలికెళ్ళింది. అంకుల్ నా ముక్కలోంచి ముళ్ళు తీస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"సూ లిన్ సెప్పిందమ్మా, నా సెయ్యి వణుకుతోందంట."

నేను ముద్ద కలుపుతూ ఉన్నాను.

"శనివారం ఒక్కపొద్దు గదా, నీరసం అనుకున్నాను. మా అయ్యకి ముసిలితనంలో ఇలాగే వణికేది. ఆయనకి తెలీలేదు. ఎవులూ సెప్పలేదు. పనులన్నీ పాడుచేసుకున్నాడు. నువ్వు వారమంతా సూస్తావు, నిజం సెప్పు. మిగతా రోజుల్లో కూడా వణుకుతాదా?"

నేను ఆయన చేతుల వైపు చూశాను. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య సన్నటి ముల్లు ఉంది. అది కదలడం లేదు.

"కొంచెం అంకుల్," అన్నాను. "మిగతా రోజుల్లో కూడా."

ఆయన ముల్లుని కంచం అంచున పెట్టారు. చేతులు కడుక్కోకుండానే ఒళ్ళోకి తీసేసుకున్నారు, నాకు కనబడకుండా. నేను అంతటితో ఊరుకోలేదు.

"ఎంతకాలమని కష్టపడతారు అంకుల్? ఇంక రెస్ట్ తీసుకోండి."

ఆయన "సుడా," అన్నారు. మలయ్‌లో ఇక అయిపోయిందని. తర్వాత, "నువ్వు సెప్పినావు. దైర్యంగా సెప్పినావు. థాంక్స్ అమ్మా," అన్నారు.

రెస్ట్ తీసుకోండి అనే మాట గురించి చాలా ఆలోచించాను తర్వాత. మన ఇళ్ళల్లో ఆ మాటకి ఎదురు లేదు. అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకోవాలన్నా, పెద్దాయన మొలలోంచి బీరువా తాళాలు తీసుకోవాలన్నా అదే అంటాం. ప్రేమగా అంటాం. అవతలివాళ్ళు కాదంటే మన ప్రేమని కాదన్నట్టవుతుంది. ఆ మాట ఇంగ్లీషులో సూ లిన్ అని ఉంటే అంకుల్ పోట్లాడేవారు, ఒక తుక్కు గొట్టం తీసుకుని తొలిచి చూపించేవారు. నేను తెలుగులో, కూతురిలా అన్నాను. ఆయన పోట్లాడలేదు.

ఆ వారమే క్లబ్బుకి వెళ్ళి తాళాలు ఇచ్చేశారు. కమిటీవాళ్ళు ఆశ్చర్యపోయారు. చిన్న పనులైనా చూడమన్నారు, తోడుగా ఇంకొకరిని పెడతామన్నారు. ససేమిరా అన్నారు. మా అమ్మాయి చెప్పింది, నా చెయ్యి పోయింది, ఒకరి బ్యారెల్ పాడుచేసి పేరు పోగొట్టుకోలేను అన్నారట. బ్యారెల్, రైఫిల్ విదేశానికి వెళ్ళాయి. క్లబ్బు రైఫిల్ ఒకటి అరువు తీసుకుని సూ లిన్ సెలక్షన్‌కి దిగింది. అది తన భుజానికి కుదిరేది కాదు. అయినా స్కోరులో నాకు చాలా దగ్గరగా వచ్చింది. చోటు నాకొచ్చింది. నన్ను కౌగిలించుకుంది. బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చి, దారిలో తినమని పైనాపిల్ టార్ట్‌లు ఇచ్చింది. పోటీలో నేను చెప్పుకోదగ్గదేమీ చేయలేదు. ఎవరికీ గుర్తులేని ఒక పోటీ కోసం ఇదంతా జరిగింది.

తర్వాత ఐటీ బుడగ పేలింది. మా కంపెనీ సగం మందిని తీసేసింది, నన్నూ తీసేసింది. గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఎక్కడికెళ్ళాలో తెలియక మా ఫ్లాట్ల బ్లాక్ కింద సూట్‌కేసు మీద కూర్చుంటే అంకుల్ వచ్చి, సూట్‌కేసు ఎత్తుకుని ముందు నడిచారు. మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా వాళ్ళ ఇంట్లోనే ఉన్నాను. ఆంటీ నా తలకి నూనె పెట్టేది. ఇంటర్వ్యూకి వెళ్తుంటే అంకుల్ నా బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టేవారు. వచ్చినవాళ్ళందరికీ, ఈ పిల్ల నాకు నిజం చెప్పిన మనిషి అనేవారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. సిగ్గుపడుతోందనుకునేవారు.

ఒక మంగళవారం ఆంటీ జాకెట్ కుట్టుకుంటూ సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుంటోంది. అంకుల్ తీసుకుని ఒక్క ప్రయత్నంలో ఎక్కించారు. ఎక్కించి, తన చేతిని తనే చూసుకున్నారు. చిన్నపిల్లాడిలా నాకు చూపించారు. చూశావా, రెస్ట్ ఇస్తే ఎలా కుదురుకుందో, నువ్వు చెప్పబట్టే కదా అన్నారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ చెబితే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? నిజంగా ఇదే ఆలోచించాను. ఇప్పుడు రాస్తుంటే కూడా మొహం చెల్లడం లేదు. వాళ్ళు నన్ను వెళ్ళగొట్టేవాళ్ళు కాదని తెలుసు. వెళ్ళగొట్టకుండా అన్నం పెడితే ఎలా తినాలో తెలియక ఊరుకున్నానేమో.

ఇంకో అవకాశం కూడా ఇచ్చాడు దేవుడు. క్లబ్బులో ఒక పాత మెంబరు ఇంటికొచ్చి, నా బ్యారెల్ మీరే బిగించాలి, ఇంకెవరికీ ఇవ్వను, పాడైతే పాడవనీ అని పట్టుపట్టాడు. అంకుల్ కళ్ళల్లో ఆశ కనిపించింది. నా వైపు తిరిగారు. ఏం అమ్మా అన్నారు. చేసేయండి అంకుల్ అంటే చాలు. అప్పటికి పోటీ లేదు, చోటు లేదు, నాకు వచ్చే లాభం ఏమీ లేదు. అయినా, ఆయన మళ్ళీ లేత్ ముందు నిలబడి చెయ్యి వణకడం లేదని కనిపెడితే, నేను ఎందుకలా చెప్పానో అడుగుతారు కదా అనిపించింది. మీ ఇష్టం అంకుల్ అన్నాను. ఆయన ఆ మెంబరుకి సారీ చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశారు. మొదటిది ఆశతో చేశాను, ఇది భయంతో చేశాను. నాకు ఇదే ఎక్కువ గుర్తొస్తుంది.

నాకు ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది. పెళ్ళిలో మా నాన్న పక్కన అంకుల్ కూర్చున్నారు, కొత్త పంచె కట్టుకుని, పీటల మీద ఏ మేకు సరిగ్గా లేదో అందరికీ చూపిస్తూ. షూటింగ్ మానేశాను. ఎందుకని ఆయన చాలాసార్లు అడిగారు. పిల్లలతో తీరడం లేదని చెప్పాను. నా పిల్లలు ఆయన్ని తాతా అనేవాళ్ళు. వాళ్ళకి చెక్కతో బొమ్మలు చేసి ఇచ్చేవారు, ఆ పనికైతే చెయ్యి కొంచెం వణికినా పర్లేదని నవ్వేవారు. ఆ బొమ్మల అంచులు ఎంత నున్నగా ఉంటాయో మీరు చూస్తే తెలుస్తుంది. తర్వాత ఆయనకి గుండె జబ్బు వచ్చింది. ఆస్పత్రిలో చెబుదామని రెండు బస్సులు మారి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన పక్క మంచం మీదాయనకి నన్ను పరిచయం చేయడం మొదలుపెట్టారు. ఏమని చేశారో చెప్పక్కర్లేదు. ఆయన మనసు బాధపెట్టడం ఎందుకులే అని తిరిగొచ్చాను. ఆయన మనసు కోసమేనా? కాదు. ఆ పరిచయం నాకు కావాలి. ఆయన నోట్లోంచి అది వినడం నాకు అలవాటైపోయింది. కొన్నాళ్ళకి పోయారు.

సూ లిన్ ఇప్పుడు క్లబ్బులో పిల్లలకి నేర్పుతోంది. ప్రతి కొత్త సంవత్సరానికీ పైనాపిల్ టార్ట్‌లు పంపిస్తుంది. తనకి చెప్పలేదు. ఆంటీ ఉన్నారు, పెద్దవారైపోయారు, ఆదివారం నేనే పులుసు వండి తీసుకెళ్తాను. ఆవిడకీ చెప్పలేదు. ఇప్పుడు ఇదంతా తెలుగులో రాస్తున్నానంటే, సూ లిన్‌కి తెలుగు రాదు, ఆంటీకి మాట్లాడటమే వచ్చు గానీ చదవడం రాదు. ఈ లెక్క వేసుకునే మొదలుపెట్టాను. ధైర్యం వచ్చిందనుకుని నన్ను మెచ్చుకోకండి. ఇప్పటికే చెయ్యని పనికి చాలా మెప్పు తిన్నాను.

వాళ్ళు నాకు పెట్టిన అన్నం, ఇచ్చిన జాకెట్, మోసిన సూట్‌కేసు, ఇవన్నీ నిజం. నేను ఈ దేశంలో నిలబడ్డానంటే వాళ్ళ వల్లే. రోజూ తలుచుకుంటాను. అలా తలుచుకోవడానికి కూడా ఇన్నాళ్ళూ అడ్డంగా ఆ ఒక్క ముక్క ఉండేది. మీకు చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించగలిగినాయన లేరు.

నిజం చెప్పమంటూ ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి సరైన జవాబు ఎప్పుడూ పైకి అనలేదు. ఇది రాయడం ఆపి, ఇప్పుడే, ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకుని, పైకి అన్నాను. లేదు అంకుల్. మిగతా రోజుల్లో మీ చెయ్యి వణకలేదు. మీరు అడిగినప్పుడు కూడా వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను.